కట్టయ్య బందూకు

పాత పంచె పేలికను ఇనుప కడ్డీ చివర చుట్టి వెంకట్రాజం తుపాకి గొట్టంలోకి దూర్చాడు. మూడుసార్లు పైకీ కిందికీ లాగి, గొట్టాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. ఎడమ కంట్లో పొర వచ్చినప్పటి నుంచి అన్నీ కుడి కంటితోనే చూస్తున్నాడు. లోపల మచ్చ లేదు. ఉండే అవకాశమూ లేదు. ఆ ఒంటిగొట్టం తుపాకి పేలి ముప్పై తొమ్మిదేళ్లయింది.

వరలక్ష్మి టిఫిన్ డబ్బా తెచ్చి భర్త పక్కన పెట్టింది. తుపాకి ఉన్న వైపు చూడలేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె దాని వైపు చూడదు. బీరువాలో అది ఉండే అరలో చీరలు పెట్టుకోదు.

"ఆ కొనేటాయన ఇయ్యాలనే గదా వచ్చేది?"

"ఒంటిగంటకు వస్తనన్నడు."

"వస్తే ఇచ్చెయ్యి. మల్ల ఇంటికి తేకు."

ఆయన తుపాకిని రెగ్జిన్ తొడుగులో పెట్టి జిప్పు లాగాడు. గోడ మీద ఏదో కదిలింది.

"ఎవలు?" అన్నాడు తలెత్తి.

"పిల్లి," అంది వరలక్ష్మి. రోజుకు ఎన్నిసార్లు ఆ జవాబు చెబుతుందో ఆమెకే తెలియదు. ఆకు కదిలినా, కర్టెన్ ఊగినా, ఆమే స్నానాల గది నుంచి బయటికి వచ్చినా ఆయన "ఎవలు?" అంటాడు. జవాబు వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉంటాడు. కావలి కాసే మనిషి కదా, అలవాటు పడిందిలే అనుకుంటుంది ఆమె.

ముసురు పట్టింది. శివనగర్ నుంచి అండర్‌బ్రిడ్జి నీళ్లలో సైకిలు నెట్టుకుంటూ వెంకట్రాజం చౌరస్తాకు చేరేసరికి పది దాటింది. బంగారం షాపు అద్దాల తలుపు పక్కన ఇరవై రెండేళ్లుగా ఆయన నిలబడే చోటు ఉంది. నీలం చొక్కా, ఇత్తడి బిళ్ల బెల్టు, కుడి భుజాన తుపాకి. ఏళ్ల తరబడి పట్టీ ఒరిసి ఆ భుజం ఎడమదానికంటే కిందికి జారింది. వచ్చేపోయేవాళ్లు ఆయనను గన్‌మ్యాన్ అంటారు. పేరు అడిగినవాళ్లు తక్కువ.

ఆయన తండ్రి కట్టయ్య కూడా ఇదే తుపాకితో ఒక బ్యాంకు ముందు నిలబడ్డాడు. తండ్రి పోయాక లైసెన్సు కొడుకు పేరు మీదికి మారింది, దాంతోపాటే ఈ బతుకూ వచ్చింది. నెలాఖరుకు లైసెన్సు గడువు ముగుస్తుంది. కంటి ఆపరేషన్ చేయించుకుని రెన్యువల్ చేయించుకుంటే ఇంకో మూడేళ్లు ఉండవచ్చని మేనేజరు రాజేశ్వర్ రావు చెప్పాడు. తుపాకి లేకపోతే ఉద్యోగమూ లేదు. వెంకట్రాజం నెల రోజులుగా అటూ ఇటూ తేల్చుకోలేకపోతున్నాడు. అమ్మితే అది ఇంకొకరి చేతిలో పేలుతుంది. ఉంచుకుంటే తన భుజం మీదే ఉంటుంది, పేలదు. ఇన్నాళ్లూ దాన్ని వదలకపోవడానికి ఆయనకున్న కారణం అంతే.

పదకొండు గంటలకు వాన పెరిగింది. నల్ల రెయిన్‌కోటు తల మీదుగా కప్పుకున్న ఒక స్త్రీ మెట్లెక్కుతూ, జారిన చెప్పు కోసం కిందికి వంగింది. ఆ నల్లటి వంపు ఒక్క క్షణం అటూ ఇటూ మెదిలింది. వెంకట్రాజం తుపాకి పట్టీని గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవలు? ఎవలమ్మా?"

ఆమె తలెత్తింది. నడివయసు ముఖం. "గాజులు చూద్దామని వచ్చినన్నా," అంది, ఆయన గొంతుకు కాస్త బెదిరి. ఆయన తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమె లోపలికి వెళ్లాక కూడా చాలాసేపు తలుపు వదల్లేదు.

ఒంటిగంటకు పక్కనున్న చాయ్ హోటల్లో కొనుగోలుదారు కనిపించాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. పేరు శ్యాంసుందర్. పంట కావలికి లైసెన్సు తెచ్చుకున్నాడు. ఆ కాగితాలను ప్లాస్టిక్ కవర్లోంచి తీసి బల్ల మీద పరిచాడు.

"పందులు బతకనిస్తలేవు కాకా. ఒక్క రాత్రిల అరెకరం మక్కచేను నేలకు పండవెట్టినయి. హన్మకొండ షాపుల కొత్తది చూసిన గని, మా అమ్మ అన్నది, మనూరి కట్టయ్య బందూకు ఆయన కొడుకుకాడ ఉంటది, అడుగుపో అని."

వెంకట్రాజం గ్లాసు కింద పెట్టాడు. "మనూరా?"

శ్యాంసుందర్ ఊరి పేరు చెప్పాడు. నర్సంపేట దాటి పోవాలి. వెంకట్రాజం ఆ ఊరు విడిచి వచ్చినప్పుడు పదిహేడేళ్లవాడు. మళ్లీ పోలేదు.

"మీ చేను ఎక్కడ?"

"వాగొడ్డుకు. దొర అమ్మిన భూమే. కొమురమ్మ పుట్ట పక్కపొంటి."

"ఏం పుట్ట?"

"కొమురమ్మ పుట్ట. ఎన్కట ఆమెను ఆ పుట్టకాడ పాము కరిచి సచ్చిపోయిందట గద. నాగులచవితికి ఊరంత పోయి పాలు పోస్తరు. ఆమె బిడ్డ అంగన్‌వాడీల ఆయా. తల్లి పానం తీసుకున్న పాముకే పాలు పోసి మొక్కుతది, ఎవ్వల జోలికి పోకు తల్లీ అని."

హోటలాయన పాల గిన్నెలో గరిటె తిప్పుతున్నాడు. ఆ చప్పుడు ఆగింది.

"పాము గాదు," అన్నాడు వెంకట్రాజం.

తర్వాత అంతా చెప్పాడు. ఇలాంటి ముసురు సాయంత్రం, దొర మక్కచేను కావలి. మసక వెలుతురులో కట్టయ్యకు చూపు సరిగా ఆనేది కాదు. కొడుకు కళ్లే ఆయన కళ్లు. వరుసల మధ్య నల్లగా ఏదో వంగి కదులుతుంటే కొడుకు వేలు చూపించి, "బాపూ, అగో పంది," అన్నాడు. కట్టయ్య పేల్చాడు. ఇద్దరూ ఉరికి వెళ్లారు. తడిసిన నల్ల గొంగడి కప్పుకుని గడ్డి కోసుకుంటున్న కొమురమ్మ మోపు పక్కన వెల్లకిలా పడి ఉంది. చేతిలో కొడవలి అలాగే ఉంది. ఆమె అరవలేదు. కొడుకు ముఖం చూసి, "నేనురా, కొమురమ్మను," అంది, ఎవరో అడిగితే చెప్పినట్టు. ఇంకోసారి అదే మాట అనబోయి ఆగిపోయింది.

తెల్లారకముందే దహనం చేయించి, పాము కరిచిందని చెప్పమన్నాడు దొర. కొమురమ్మ భర్త దొర దగ్గర జీతగాడు. నోరు విప్పలేదు. ఆ నెలలోనే కట్టయ్య ఊరు విడిచాడు. బతికినన్నాళ్లూ "నేను పేల్చిన" అన్నాడే గానీ, "నువ్వు చూపించినవ్" అని కొడుకును ఒక్కనాడూ అనలేదు.

శ్యాంసుందర్ చాయ్ గ్లాసును పక్కకు జరిపాడు.

"నేను మంచిగ చూసుకునే పేలుస్త కాకా," అన్నాడు మెల్లగా.

"నేను గూడ మంచిగనే చూసిన బిడ్డా."

శ్యాంసుందర్ కాగితాలను ఒక్కొక్కటిగా కవర్లో పెట్టుకున్నాడు. లేచి, వెళ్లబోయి ఆగాడు.

"ఆమె బిడ్డకు చెప్పాల్నా?"

"నువ్వు చెప్పకు. చెప్పేటోన్ని నేనున్న."

వెంకట్రాజం షాపులోకి వెళ్లి, ఇక రేపటి నుంచి రానని మేనేజరుతో అన్నాడు. రాజేశ్వర్ రావు ఫోన్లో ఉండి, సరే సరే అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయనకు అది ఒక పూట సెలవు అడిగినట్టే వినిపించి ఉంటుంది.

పోలీస్ స్టేషన్లో రైటరు లైసెన్సు పుస్తకం తిరగేసి, తుపాకి నంబరు సరిచూశాడు.

"ఊకెనే అప్పజెప్తానవా పెద్దమనిషీ? అమ్ముకోకపోయినవా?"

"వద్దు సార్. దీన్ని ఏంజేస్తరు?"

"పైకి పంపుతం. ఆర్డరొస్తే కోసి ముక్కలు జేస్తరు."

"ముక్కలే గద సార్? ఇంకొకలకు ఇయ్యరు గద?"

రైటరు ఆయన ముఖంలోకి చూసి, "ఇయ్యం," అన్నాడు. రసీదు చేతిలో పెట్టాడు.

బయటికి వచ్చి నడుస్తుంటే కుడి భుజం ఇంకా కిందికే వాలి ఉంది. రెండుసార్లు చెయ్యి దానంతట అది పట్టీ కోసం వెతుక్కుంది. చౌరస్తా మూల మీద ఆగి వరలక్ష్మికి ఫోన్ చేశాడు.

"ఇచ్చేసిన."

"మంచిది. ఇంటికి రా మరి."

"రేపొస్త. నర్సంపేట బస్సెక్కుతాన. ఊళ్ళె ఒకలకు ఒక ముచ్చట చెప్పేదున్నది."

ఎవరికి, ఏం ముచ్చట అని ఆమె అడగలేదు. "గొడుగన్న ఉన్నదా?" అంది.

"ఉన్నది," అన్నాడు. లేదు.

సైకిలు రెండు రోజులు చూసుకొమ్మని చెప్పడానికి చాయ్ హోటల్ దగ్గర ఆగాడు. హోటలాయన బల్ల కింది నుంచి ఒక యూరియా సంచి లాగి పైన పెట్టాడు. "పగటీలి నీతోని కూసున్నాయన ఇడిసిపెట్టి పోయిండు. తన చేన్లయి, నీకోసమే తెచ్చిండట. ఇద్దామా వద్దా అని శానాసేపు నిలవడ్డడు."

వెంకట్రాజం సంచి మూతి విప్పి చూశాడు. మళ్లీ అలాగే మడిచి, చేతులు వెనక్కి తీసుకున్నాడు. నర్సంపేట బస్సు చౌరస్తా తిరుగుతోంది. ఆయన చెయ్యెత్తి, వానలో పరుగెత్తినట్టుగా నడిచి ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాడు.

బల్ల మీద సంచి మడత మెల్లగా విచ్చుకుంది. లోపల పొద్దున విరిచిన మక్కకంకులు, పచ్చటి పొరలతో, ఇంకా తడి ఆరని పీచుతో.