స్టాకులో ఉన్నవి

మా ఆయన అమృతరావుకి పెళ్ళాం కన్నా ఇంజిన్ మీదే మనసు. ఈ మాట నేను నవ్వుతూ అనడం లేదు. రాయగడ స్టేషను దగ్గర అద్దెకి తిప్పే పాత అంబాసిడర్ మాది. ఆ ఎండాకాలం దాని ఇంజిన్ టకటకమని కొట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పటినుంచి మా ఇంట్లో అన్నాల దగ్గర కూడా రాకర్ల గొడవే. ఇంజిన్ పైమూత విప్పితే వాల్వుల్ని నొక్కే ఇనుప చేతులు వరసగా కనబడతాయి, అవే రాకర్లు. మావి అరిగి గుంటలు పడ్డాయట. ఆస్పత్రిలో డ్యూటీ చేసి కాళ్ళీడ్చుకుంటూ వచ్చే నర్సుని, నాకెందుకు ఇదంతా? అయినా వినీ వినీ నాకూ వచ్చేసింది.

తేలని సంగతి ఒకటే. బండితో వచ్చినవాటిలాంటి మామూలు రాకర్లు వెయ్యాలా, లేక చివర చిన్న చక్రం ఉండే రోలర్ రాకర్లా? రోలర్లయితే రాపిడి తగ్గి, కొండెక్కే ఘాటీ రోడ్డు మీద బండి పరిగెడుతుందని ఆయన ఆశ. సునాబెడ విమానాల ఫ్యాక్టరీకి వెళ్ళే ఇంజనీరు ఒకాయన్ని ఎక్కించుకున్నప్పుడు అడిగితే, అవి పందేల బళ్ళకయ్యా, జనాన్ని మోసే బండికి స్టాక్ రాకర్లే వేసుకో అన్నాడట. స్టాక్ అంటే కంపెనీ మొదట పెట్టినవని అర్థమట. నేనూ అవే వెయ్యమని పట్టుబట్టాను. కోరాపుట్ దాటాక కుందురలో, మా పుట్టింట్లో నాన్న మంచం పట్టి ఉన్నాడు, ఏ రోజు ఏ కబురు వస్తుందో తెలీదు, బండితో ఆటలొద్దన్నాను. సరేనన్నాడు.

విశాఖపట్నం వెళ్తున్న బళ్ళు బాగుచేసే మేస్త్రీ జోగయ్యకి స్టాక్ రాకర్లు తెమ్మని చెప్పాడు. జోగయ్యకి తెలిసిన స్టాకు కొట్లో ఉండే స్టాకు. స్పేర్ పార్టుల కొట్టుకెళ్ళి, ఈ బండి రాకర్లు స్టాకులో ఏమున్నాయని అడిగాడు. అక్కడున్నవి రోలర్లే. అవే తెచ్చేశాడు. పాపం, అతన్నేం అంటాం?

మా ఆయన వాటిని తిప్పి పంపొచ్చు. పంపలేదు, దేవుడే ఇచ్చాడని మురిసిపోయాడు. ఇవి వాల్వుల్ని ఇంకా లోతుకి నొక్కుతాయి, స్ప్రింగులు కూడా మార్చాలి, లేకపోతే రాకర్లని తోసే కింది కడ్డీలు వంగిపోతాయి, అంతవరకు పాతవే ఉంచమని జోగయ్య చెప్పినా వినలేదు. చూద్దాంలే అని బిగించేసుకున్నాడు. నాతో మాత్రం స్టాకువే వేశానన్నాడు. మాట పట్టుకుని చూస్తే అది అబద్ధం కూడా కాదు. అదే నా కడుపుమంట.

ఆదివారం చర్చి నుంచి వస్తుంటే మా ఊరివైపు నుంచి వచ్చే జైపూర్ బస్సు కండక్టరు కబురు తెచ్చాడు. నాన్న పరిస్థితి బాగోలేదు, వెంటనే రమ్మన్నారని. బస్సు కోసం చూడాల్సిన అవసరం లేదు కదా. చీరైనా మార్చుకోకుండా బండెక్కాను.

లక్ష్మీపూర్ ఇంకా రాలేదు. ఘాటీ ఎక్కుతుండగా ఇంజిన్లో ఫట్‌మని చప్పుడు, ఆ వెనక దడదడ, బండి ఆగిపోయింది. ఆయన మూత విప్పాడు. కింద కడ్డీలు వంగిపోయి ఉన్నాయి, పైన రాకర్ల చివర చిన్న చిన్న చక్రాలు తళతళలాడుతున్నాయి.

"స్టాకువే అన్నారు గదా?" అన్నాను.

"స్టాకులో ఉన్నవే," అన్నాడు తలెత్తకుండా. అప్పుడు కక్కాడు జోగయ్య సంగతంతా.

నాకు ఒళ్ళు మండిపోయింది. వంగి ఉన్న ఆ వీపు మీద రెండు చరుద్దామనిపించింది. ఏడుద్దామన్నా కోపం అడ్డొచ్చింది.

వచ్చిన జీపులన్నీ నిండుగా వెళ్ళిపోయాయి. ఎండ వాలాక ఒక ఉప్పు లోడు లారీ ఆగింది. నేను డ్రైవరు పక్కన, ఆయన బస్తాల మీద. కోరాపుట్ చేరేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. బస్టాండులోనే తెల్లవార్చాం. ఆయనతో మాట్లాడలేదు, దేవుడితోనే మాట్లాడాను. నాన్న నన్ను గుర్తుపట్టకపోయినా ఫరవాలేదు, ఊపిరుండగా ఒక్కసారి చూడనీ అని.

మర్నాడు బస్సులు మారి మధ్యాహ్నానికి కుందురలో మా వాకిట్లోకి అడుగుపెట్టగానే బెంచీల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. తమ్ముడు ఐజాక్ చేతులకి ఇంకా ఎర్రమట్టి ఉంది. నాన్న రాత్రే పోయాడట. నా కోసం పొద్దెక్కేదాకా చూసి, ఎండకి ఇక ఆగదని సమాధి చేసి వచ్చారు.

మా అమ్మ సారమ్మ ముందు అల్లుడికి కాళ్ళు కడుక్కోమని చెంబుతో నీళ్ళిచ్చింది. తర్వాత నన్ను పట్టుకుంది.

"గురువారమే మాట పడిపోయిందమ్మీ. అప్పుడే కబురెట్టేద్దామన్నాడు ఐజాకు. నానే వద్దన్నాను. దాని డ్యూటీ ఎందుకు సెడగొట్టడం, వోళ్ళకి సొంత బండుంది, ఎప్పుడు కబురెట్టినా పూటలో వచ్చేస్తారన్నాను."

ఆయన విన్నాడు. నీళ్ళ చెంబు అలాగే పట్టుకుని వాకిట్లో కూలబడి, అందరి ముందూ ఏడ్చాడు. జాలి వస్తుందనే ఆయన వైపు చూశాను. రాలేదు.