పోట్లాట రావడం లేదు

"ఆపండి, ఆపండి. ఇది పోట్లాటా, వక్తృత్వపు పోటీయా?" అంది పిచ్చుక.

సైన్సు ల్యాబులో బల్లలు గోడకి నెట్టి చేసిన ఖాళీలో తోడికోడళ్ళిద్దరూ ఆగిపోయారు. పెద్దకోడలు వేస్తున్న పొడుగు పిల్ల చేతిలో గరిట దించింది. చిన్నకోడలు వేస్తున్న పిల్ల కళ్ళజోడు తీసి గౌను అంచుతో తుడుచుకుంది.

"డైలాగులేమీ తప్పలేదుగా?" అంది పొడుగు పిల్ల.

"ఒక్కటీ తప్పలేదు. అదే గొడవ. ఆమె మాట పూర్తయ్యేదాకా నువ్వు చేతులు కట్టుకుని వింటున్నావు. పోట్లాటలో ఎవరైనా అంత మర్యాదగా వింటారా?"

పిచ్చుక తొమ్మిదో తరగతి. అసలు పేరు హాజరుపట్టీలో ఎక్కడో ఉంది. పుట్టినప్పుడు పిడికెడంత ఉందని నానమ్మ పెట్టిన ముద్దుపేరు ఇంట్లోంచి ఎగిరి బళ్ళోకి కూడా వచ్చేసింది. ఈ ఏడు వార్షికోత్సవం నాటకాన్ని రాయడం దగ్గర్నుంచి తెర లాగడం దాకా పిల్లలే చేసుకోవాలని పెద్దటీచరు ప్రకటించగానే, నడిపించేది పిచ్చుకేనని అందరూ ఏకమై చేతులెత్తారు. కాపలాకి సైన్సు టీచర్ని వేశారు. ఆవిడ మొదటిరోజే చెప్పేసింది: "ల్యాబు తాళంచెవి నాది. తలుపు తీయడం, వేయడం నా పని. తక్కినదంతా మీ నెత్తిన." అప్పట్నుంచీ తలుపు పక్కన కుర్చీలో కూర్చుని పేపర్లు దిద్దుకుంటోంది. ఎంత పిలిచినా తల ఎత్తదు.

పనులు పంచడంలో పిచ్చుకకి మంచి ఒడుపుంది. నవ్వు ఆపుకోలేని కుర్రాడికి తెర లాగే పని ఇచ్చింది. తెర వెనక వాడెంత నవ్వుకున్నా ఎవరికీ కనపడదు. పరీక్షల్లో పక్కవాళ్ళకి గుసగుసగా జవాబులందించే పిల్లకి, మర్చిపోయిన డైలాగులు అందించే పని అప్పజెప్పింది. "ఇన్నాళ్ళకి నా విద్యకి గుర్తింపొచ్చింది" అని ఆ పిల్ల మురిసిపోయింది. అన్నీ కుదిరాయి. నాటకానికి ప్రాణమైన వంటింటి పోట్లాట ఒక్కటే కుదరలేదు.

"సరే, మీ ఇళ్ళల్లో ఎలా పోట్లాడుకుంటారో చెప్పండి" అంది పిచ్చుక.

"మా అమ్మ తిట్టదు. అలమర తలుపుల చేత తిట్టిస్తుంది" అంది పొడుగు పిల్ల.

"మా నాన్న చెప్పులేసుకుని బయటికి పోతాడు. వీధి చివరిదాకా వెళ్ళి, గొడుగు మర్చిపోయానంటూ వచ్చేస్తాడు. ఎండాకాలంలో కూడా" అంది కళ్ళజోడు పిల్ల. "మరి మీ ఇంట్లోనో?"

పిచ్చుక ఆలోచించింది. "మా ఇంట్లో పోట్లాడుకోరు."

"ఎవరూ?"

"ఎవరూ."

"మీ ఇంట్లో మనుషులుంటారా, బట్టల కొట్టు బొమ్మలుంటాయా?"

అందరూ నవ్వారు. పిచ్చుక కూడా నవ్వింది. కానీ అబద్ధం చెప్పలేదు. వాళ్ళింట్లో నిజంగానే పోట్లాట లేదు, ఎందుకంటే అమ్మా నానమ్మా మాట్లాడుకోరు.

రెండేళ్ళ కిందట ఏదో మాటామాటా వచ్చి నానమ్మ సంచి సర్దుకుని బాబాయి వాళ్ళింటికి వెళ్ళిపోయింది. చలికాలమంతా అక్కడే ఉంది. ఆ చలికాలంలో అమ్మ అలవాటు కొద్దీ నాలుగు కంచాలు పెట్టి, ఒకటి మళ్ళీ లోపల పెట్టేసేది. పిచ్చుకకి నానమ్మ పక్కన పడుకుంటే తప్ప నిద్ర పట్టేది కాదు. చివరికి నాన్న వెళ్ళి తీసుకొచ్చాడు. వచ్చాక ఇద్దరూ ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో మసులుతూ, చెప్పాల్సిందంతా పిచ్చుక ద్వారా చెప్పించుకోవడం మొదలుపెట్టారు.

"మీ అమ్మనడుగు, కూరలో ఉప్పు మర్చిపోయిందా, నా మీద కోపంతో మానేసిందా అని" అనేది నానమ్మ.

పిచ్చుక వంటింట్లోకి వెళ్ళి, "అమ్మా, తన ఆరోగ్యం కోసం ఉప్పు తగ్గించావు కదా, నానమ్మ థాంక్స్ చెప్పమంది" అనేది.

"మీ నానమ్మకి చెప్పు, స్నానాల గదిలో దూరితే గంటదాకా బయటికి రారు, లోపలేమైనా కాపురం పెట్టారా అని" అనేది అమ్మ.

"నానమ్మా, లోపల జారిపడ్డావేమోనని అమ్మ కంగారుపడింది" అని వెళ్ళేది ఆ మాట.

ఈ రెండేళ్ళలో నానమ్మ మళ్ళీ సంచి ముట్టుకోలేదు. ఇల్లు ఇలా నిలబడి ఉందంటే అది తన వల్లేనని పిచ్చుకకి తెలుసు. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదని కూడా తెలుసు.

అందుకే ఇప్పుడు దిగులు. ఇన్నాళ్ళూ రిహార్సల్సు వారానికి రెండు రోజులే. వార్షికోత్సవం దగ్గరపడటంతో సోమవారం నుంచి రోజూ, చీకటి పడేదాకా. సాయంత్రాలు ఇంట్లో ఆ ఇద్దరే ఉంటారు. మధ్యలో మాటలు మోసేవాళ్ళుండరు. తిన్నగా ఒక్క మాట తగిలిందంటే అలమర మీది సంచి కిందికి దిగుతుంది.

నాన్న అచ్చాఫీసులో పనిచేస్తాడు. ఆదివారం ఆయన్ని మెట్ల మీద కూర్చోబెట్టి తన పని అప్పజెప్పబోయింది.

"ఉన్నదున్నట్టు చెప్పకూడదు నాన్నా. కాస్త మెత్తచేసి చెప్పాలి."

"మెత్తచేయడమంటే?"

"నానమ్మ 'కూర తగలేసింది' అందనుకో, నువ్వు 'ఇవాళ రుచి కొత్తగా ఉందట' అనాలి."

నాన్న ఆమెకేసి తిరిగాడు. "ఇదంతా ఎప్పట్నుంచి చేస్తున్నావే?"

"అదంతా ఎందుకు? చేస్తావా, చేయవా?"

"నేను గోడలాంటివాణ్ణమ్మా. చెవులున్నాయి గానీ నోరు లేదు. పైగా నేను ఇల్లు చేరేసరికి నువ్వూ వచ్చేస్తావు" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే అమ్మ ఇంకో మాట పంపింది. అమ్మ ఇంట్లోనే ముందుగదిలో మిషను కుడుతుంది. "రేపట్నుంచి కొలతలివ్వడానికి జనం వస్తారు. చెవి దగ్గర ఆ రేడియో మోగుతుంటే నాకు టేపు మీద అంకెలు కూడా కనపడవు. మీ నానమ్మని కుర్చీ, రేడియో తీసుకుని వెనకగదిలో కూర్చోమను."

అసలే గండం ముందుంది. అందుకని పిచ్చుక ఈ మాటని మామూలు కంటే మరికాస్త మెత్తచేసింది. "నానమ్మా, రేపట్నుంచి జనం వస్తారట. ఈ గదిలో నీకు ఇబ్బందవుతుందేమోనని అమ్మ చాలా బాధపడుతోంది. తన వల్ల నీకు ఏ కష్టం కలగకూడదంది. నీ సుఖమే తనకి ముఖ్యమంది."

నానమ్మ రేడియో కట్టేసింది. "మీ అమ్మే?"

"ఊఁ."

"అంత మాటందా?"

"అంది."

"సరే" అంది నానమ్మ.

సోమవారం రిహార్సల్లో పిచ్చుక చూపు నాటకం మీద, మనసు ఇంటి మీద. ఇంటికెళ్ళేసరికి నిశ్శబ్దంగా ఉంది. గట్టు మీద రెండు టీ కప్పులు కడిగి బోర్లించి ఉన్నాయి. బుట్టలో బంగాళాదుంప తొక్కలున్నాయి. అమ్మ చెక్కితే తొక్కలు ముక్కలు ముక్కలుగా వస్తాయి. నానమ్మ చెక్కితే ఒకటే పొడుగు రిబ్బనులా వస్తుంది. బుట్టలో రెండు రకాలూ ఉన్నాయి. అంటే ఇద్దరూ ఒకేసారి వంటింట్లో ఉన్నారా? లేక ఒకరు లేచాక ఒకరు కూర్చున్నారా? తొక్కలు ఆ సంగతి చెప్పవు.

"నానమ్మకేమైనా చెప్పాలా అమ్మా?"

"ఏమీ లేదే."

"అమ్మకేమైనా చెప్పాలా నానమ్మా?"

"ఏముంటుంది చెప్పడానికి?"

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పిచ్చుకకి ఏమీ తోచలేదు. తను లేనప్పుడు ఈ ఇంట్లో ఏం జరుగుతోంది? మాట్లాడుకుంటున్నారా, సైగలు చేసుకుంటున్నారా, ఒకరినొకరు గాలిలా దాటుకుంటూ పోతున్నారా? నాటకం చూడ్డానికొస్తే తెర లేవనట్టుంది.

గురువారం పొద్దున ఇల్లు ఊడుస్తుంటే నానమ్మ మంచం కింద చీపురుకి మెత్తగా ఏదో తగిలింది. వంగి చూసింది. అలమర మీద ఉండాల్సిన సంచి. దగ్గరికి లాగింది. బరువుగా ఉంది.

ఆ సాయంత్రం ల్యాబులో పోట్లాట మొదలవకముందే పిచ్చుక పుస్తకాల సంచి భుజాన వేసుకుంది. "నేనొకసారి ఇంటికెళ్ళొస్తా."

"నడిపించేదానివి నువ్వే పారిపోతే మేమేం చేయాలే?" అంది పొడుగు పిల్ల.

"వెంటనే వచ్చేస్తాను."

"నీ 'వెంటనే' ఎంతసేపో మాకు తెలుసు. మేమూ వస్తాం, పట్టుకొస్తాం నిన్ను" అంది కళ్ళజోడు.

సైన్సు టీచరు మొదటిసారి తల ఎత్తింది. ముగ్గురి మొహాలూ చూసింది. "తలుపు వేసే టైముకి వచ్చేయండి" అని మళ్ళీ పేపర్లలోకి వంగింది.

పిచ్చుక వాళ్ళ మూడో అంతస్తు మెట్లు సగం ఎక్కేసరికే గొంతులు వినిపించాయి. పిచ్చుక ఆగిపోయింది. వెనకాల ఇద్దరూ ఆమెకి గుద్దుకుని ఆగారు. తలుపు ఓరగా ఉంది.

"ఎక్కడికి బయల్దేరారంటే చెప్పరేం?" అమ్మ గొంతు. మిషను మాత్రం ఆగలేదు, టకటకమంటూనే ఉంది.

"పొమ్మన్నాక ఎక్కడికైతే నీకెందుకు?"

"ఎవరు పొమ్మన్నారు?"

"నువ్వే. ఆదివారం పిల్ల చేత చెప్పించలా? నా సుఖమే నీకు ముఖ్యమా? నువ్వీ ఇంట్లో అడుగుపెట్టి పదహారేళ్ళైంది, ఎన్నడైనా అంత మర్యాదగా మాట్లాడావా నాతో? అంత మర్యాద ఎప్పుడు చేస్తారో నాకు తెలీదనుకున్నావా? సాగనంపేటప్పుడు చేస్తారు."

మిషను ఆగింది. "నేను రేడియో తీసుకుని వెనకగదిలో కూర్చోమన్నానంతే!"

"అలాగని చెప్పుంటే నేను కూర్చోనని చెప్పేదాన్ని. అక్కడితో పోయేది!"

మెట్ల మీద పిచ్చుక చెవులు వేడెక్కాయి. పొడుగు పిల్ల ఏదో అనబోతే కళ్ళజోడు ఆమె నోరు మూసింది. "ష్... విను."

"నాకిప్పుడు అనుమానంగా ఉంది. ఉప్పు తగ్గించినందుకు మీరు నాకు థాంక్స్ చెప్పారా?" అంది అమ్మ.

"నేనా? థాంక్సా? ఆ చప్పిడి కూరకా?"

"స్నానాల గదిలో మీరు ఆలస్యం చేస్తే నేను కంగారుపడ్డానని చెప్పిందా?"

"చెప్పింది. పడలేదా?"

"లేదు. కాపురం పెట్టారా అన్నాను."

"హమ్మ! దీని దుంపతెగ!"

తర్వాత అమ్మ గొంతు తగ్గింది. "మొన్న వానల్లో... నేనలా మిషను మీద వంగి కూర్చుంటే చూసి మీకే నడుం నొప్పి పుడుతోందన్నారట. ఆ రాత్రి నేను ఏడ్చానత్తయ్యా. నన్నెవరో చూస్తున్నారనిపించి."

నానమ్మ అంది, "ఆ మాట నేననలేదు."

"ఇప్పుడు తెలిసిందిగా."

"నడుం ఇంకా నొప్పేనా?"

"దాని సంగతిప్పుడెందుకు?"

"అడుగుతున్నా. నేనే అడుగుతున్నా."

పిచ్చుక ఇక నిలబడలేకపోయింది. తలుపు తోసుకుని లోపలికెళ్ళింది. "నానమ్మా, వెళ్ళకు. అమ్మ పొమ్మనలేదు. ఆ మాటలన్నీ నేనే కల్పించాను. అన్నీ, మొదట్నుంచీ."

ఇద్దరూ ఒక్కసారి ఇటు తిరిగారు. రెండేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకే వైపు చూడటం అదే మొదలు.

"అన్నీనా?" అంది అమ్మ.

"ఊఁ."

"రా, ఇక్కడ నిలబడు. అసలు మాటలు గుర్తున్నాయా?"

గుర్తున్నాయి. అమ్మ వేసిన కర్టెను రంగు గురించి నానమ్మ నిజంగా ఏమందో పిచ్చుక చెప్పింది. "అన్నాను, ఇప్పుడూ అంటాను, ఆ రంగేమిటి, బురదలా?" అంది నానమ్మ. నానమ్మ గురక గురించి అమ్మ ఏమందో చెప్పింది. "గురకా? నాకు గురకా? మీ ఆయన్నడుగు ఎవరిదో!" అని నానమ్మ వెనకగదిలోకి నడిచి, అక్కణ్ణుంచి ఇంకా గట్టిగా అరిచింది. అమ్మ దానికి జవాబు చెప్పలేదు. కర్టెను రంగుకి ఇప్పుడు జవాబు చెప్పింది, బట్టకి గుండుసూదులు గుచ్చుతూనే. ఒక్కరూ ఆగి వినడం లేదు. ఒక్కరూ చేతిలో పని ఆపడం లేదు. ఓడిపోతున్నవాళ్ళు గది మారుతున్నారు.

తలుపు దగ్గర పొడుగు పిల్ల నోరు తెరుచుకుని, గరిట పట్టుకున్నట్టు చెయ్యి ఊపి చూసుకుంటోంది.

నానమ్మ సంచితో బయటికొచ్చింది. గది మధ్యలో నిలబడింది.

అమ్మ పళ్ళమధ్య ఉన్న గుండుసూది తీసింది. "వెళ్ళొద్దత్తయ్యా. ఎవరిచేతా చెప్పించట్లేదు. నేనే చెప్తున్నా."

"వినపళ్ళా."

"వినపడింది మీకు."

నానమ్మ సంచిని కుర్చీలో కుదేసింది. "రేడియో మాత్రం ఈ గదిలోనే."

"కుదరదు."

"నానమ్మ ఉద్దేశమేంటంటే అమ్మా..." అంది పిచ్చుక.

"నువ్వూరుకో!" అన్నారిద్దరూ.

అప్పుడు కనిపించారు అమ్మకి గుమ్మంలో ఉన్న పిల్లలు. "అయ్యో, నిలబడ్డారేమర్రా, లోపలికి రండి."

"మేం వెళ్ళాలాంటీ, రిహార్సలు..." అంది కళ్ళజోడు, కదలకుండా.

"కూర్చోండి" అంది నానమ్మ. "ఇంకా అయిపోలేదు."

ముగ్గురూ నేల మీద వరసగా కూర్చున్నారు. అమ్మ టేపు మెడలో వేసుకుని, నానమ్మకేసి తిరిగి, ఊపిరి పీల్చుకుంది. ఈ ఇంట్లో తర్వాతి మాట ఏమిటో పిచ్చుకకి తెలియదు. మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, మెడ ముందుకు చాచి చూస్తోంది.