తెల్లగా ఉండాల్సిన తలుపు

"రంగులు పూయడం కూడా ఒక పనేనా? నీకది కాలక్షేపం కదా" అని నా భర్త వితోల్డ్ అన్నప్పుడు నేను ఆదివారం భోజనానికి బంగాళదుంపలు తురుముతున్నాను. వంటింటి బల్ల సగం అతని యంత్రాలదే. వందేళ్ల కిందటి యుద్ధంలో ఉండి ఉంటే ఎలా ఉండేవో ఊహించి చేసే, కాళ్లతో నడిచే ఇనుప యంత్రాల బొమ్మలు. ఒక్కోటి పిల్లి అంత ఎత్తు. అతను ముక్కలు అతికిస్తాడు. అది ఏ సైన్యానిది, ఏ కాలంలో తిరిగింది, ఏ రంగు వేసుకుంది, ఎక్కడ అరిగింది, అదంతా నేను ఆలోచించాలి. ఏటా ఈ బొమ్మలకు జరిగే పోటీలో చీటీ మీద మాత్రం అతని పేరే. మా అత్తగారు యాద్విగాకి ఇందులో తప్పేమీ కనబడదు. గోడకి సున్నం కొట్టినవాడు ఇల్లు నాదంటాడా అమ్మాయ్, అంటుంది.

పోటీలో మేము దిగే ‘జరగని చరిత్ర’ అనే విభాగంలో రంగు ఒక్కటే చాలదు. ఆ రంగు ఎందుకో ఒక పేజీలో రాసివ్వాలి. న్యాయనిర్ణేతలు ఆ కాగితం చేత్తో పట్టుకుని యంత్రాన్ని అంగుళం అంగుళం చూస్తారు. ముప్పై ఏళ్లుగా బడిలో పిల్లలకు వ్యాసాలు నేర్పుతున్నాను గనక ఆ పేజీ కూడా నాకే వచ్చింది. వితోల్డ్ చదవడు. సంతకం పెడతాడు.

ఈసారిది మంచులో కనబడకుండా పైన తెల్లరంగు కొట్టిన చలికాలపు యంత్రం. అడుగున ఆకుపచ్చ, అది ఆరాక జుట్టుకు కొట్టుకునే స్ప్రే, ఆపైన తెలుపు. తడి కుంచెతో రుద్దితే తెలుపు లేచి పచ్చ బయటపడుతుంది. బూట్లు తగిలే మెట్ల దగ్గర, మోకాళ్ల దగ్గర, చేతులు పడే తలుపుల దగ్గర రుద్దాను. ఎడమవైపు తలుపు ఒక్కటి ముట్టుకోలేదు. పేజీలో ఇలా రాశాను: ఈ తలుపు యంత్రం నడిపే అమ్మాయిది. తెల్లరంగు వేసిన మర్నాడే ఆమె పోయింది. తర్వాత దాన్ని ఎవరూ తెరవలేదు. ఆమె పేరు కింగా.

కింగా మా అమ్మాయి. పోయి రెండు చలికాలాలైంది. ఇంట్లో ఆ పేరు ఎత్తవద్దని వితోల్డ్ మొదటి నెలలోనే చెప్పాడు. ఏడుస్తూ నిలబడితే సూప్ మాడిపోతుందని అత్తగారు గుర్తు చేసింది. నేను ఏడుపు ఆపాను, సూప్ మాడలేదు. ఆ పేరు రాసుకోవడానికి నాకు మిగిలిన చోటు ఆ పేజీ. ఆ పేజీని నిజం చేసేది గోరంత తలుపు.

పోటీ జరిగే గ్దీన్యా నగరంలో, ప్రదర్శన రోజు పొద్దున, పెట్టెలోంచి యంత్రాన్ని తీస్తుంటే చూశాను. ఎడమ తలుపు నిండా పచ్చ గీతలు.

"అది మర్చిపోయావు నువ్వు. రాత్రి నేనే సరిచేశాను" అన్నాడు వితోల్డ్, నాకేదో మేలు చేసినట్టు.

న్యాయనిర్ణేత పెద్దాయన. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి పేజీ చదివాడు, తలుపు చూశాడు, మళ్లీ చదివాడు.

"ఎవరూ తెరవని తలుపు ఇంతలా ఎలా అరిగింది, వితోల్డ్ గారూ?"

"మా ఆవిడ తొందరపాటండీ. రంగులు ఆవిడకి వదిలేస్తే ఇంతే."

చుట్టూ ఉన్న మగవాళ్లు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. "కాగితం మాత్రం బాగుంది. ఈ కింగాని ఎక్కణ్నుంచి తెచ్చారు?"

వితోల్డ్ తన సంతకం ఉన్న కాగితం వైపు మొదటిసారి చూశాడు.

"మా అమ్మాయి" అన్నాను నేను. "పేజీ నేను రాశాను. తలుపు ఆయన గీకారు."

పెద్దాయన కాగితాన్ని మడవకుండా, జాగ్రత్తగా యంత్రం పక్కన పెట్టి వెళ్లిపోయాడు. మాకు ఏ బహుమతీ రాలేదు.

కార్లో కూర్చున్నాక వితోల్డ్ అన్నాడు: "పదిమందిలో దాన్నెందుకు లాగావు?"

"పేరు పెట్టి అను. అనేదాకా నేను ఇంకో యంత్రానికి రంగు వేయను."

అతను కారు స్టార్ట్ చేశాడు. తొరూన్‌లో మా ఇల్లు చేరడానికి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటల్లో అతను రోడ్డు మీది మంచు గురించి మాట్లాడాడు, టైర్ల గురించి మాట్లాడాడు, వాళ్లమ్మ మోకాలినొప్పి గురించి, రేపటి వంట గురించి కూడా మాట్లాడాడు.