కాసులమ్మ అంగిలి

నేను ఒక అంగిలిని. పుట్టుకతో వచ్చిన అంగిలిని కాదు. దంతాల ఆసుపత్రిలో గులాబీరంగు ముద్దను అచ్చులో నొక్కి, ఉడికించి, అరగదీసి నన్ను చేశారు. కేన్సరు కోసేశాక కాసులమ్మ నోటి పైభాగంలో మిగిలిన కంతను మూయడం నా పని.

కాసులమ్మ విశాఖ తీరంలో ఎండుచేపలు అమ్మేది. అక్కడ చాలామంది ఆడవాళ్ళలాగే అడ్డపొగ తాగేది. అంటే చుట్టను తిప్పి, నిప్పున్న కొసను నోట్లోపల పెట్టుకోవడం. తలమీద గంప, ఎదురుగా సముద్రపు గాలి. నిప్పు బయట ఉంటే ఆరిపోతుంది. లోపల ఉంటే అంగిలి కాలుతుంది. కాలుతున్న సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ తెలియదు.

ఆపరేషనయ్యాక ఆమె మాట ముక్కులోంచి గాలిగా పోయేది. గంజి తాగినా ముక్కులోంచే కారేది. నన్ను అమర్చిన రోజు కూతురు నూకరత్నం ఆమె ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, నెత్తళ్ళు అను. వంజరం అను."

కాసులమ్మ తను అమ్మే చేపల పేర్లన్నీ అంది. కూతురు నవ్వుతూ ఏడ్చింది. ఆపరేషను చేసిన పెద్ద డాక్టరు ఆ సంతోషంలో కిందికెళ్ళి ఒక సిగరెట్టు తాగివచ్చారు. ఆయన ఏటేటా పరీక్షలు చేయించుకుంటారు. కాసులమ్మ పుండు మాత్రం, ఒక పూట బేరం పోతుందని, ఆసుపత్రికి రాకుండా ఏడాది ఆగింది.

ఇంటికెళ్ళాక నన్ను పెట్టుకుని ఆమె అన్న మొదటి గట్టిమాట కూతురితోనే.

"సుట్ట మానీయే గుంటా."

నూకరత్నం బుగ్గ లోపలినుంచి ఎర్రగా వెలుగుతోంది. "ఎలా మానీగల్నమ్మా? నువ్వు మానడానికి నోరు పోవాల్సొచ్చింది గదా!"

కాసులమ్మ నన్ను తీసి నీళ్ళగిన్నెలో వేసి గోడవైపు తిరిగి పడుకుంది.

జబ్బు తిరగబెట్టింది. నోరు వాచి నేను పట్టకుండా పోయాను. చివరిరోజు ఆమె నాకోసం సైగ చేసింది. నూకరత్నం అమర్చబోతే నెత్తురొచ్చింది. తీసేసింది. అప్పుడు కాసులమ్మ కూతురి బుగ్గ పట్టుకుని ఏదో చెప్పింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఏటమ్మా? మళ్ళీ సెప్పు."

మళ్ళీ గాలే. నేను గిన్నెలో ఉన్నాను.

ఆమె పోయాక నూకరత్నం నన్నొక రేకుడబ్బాలో పెట్టింది. చుట్ట వెలిగించినప్పుడల్లా మూత తీసి, నా మీదికి వంగి, "ఏటన్నావే అమ్మా?" అని అడిగేది. చెవి ఆనించి వినేది. నేనేం చెప్పను? నోరు లేకుండా నాకు మాట లేదు.

ఒకరోజు గంజి తగిలి నూకరత్నం అంగిలి భగ్గుమంది. నన్ను కొంగులో కట్టుకుని దంతాల ఆసుపత్రికి, డాక్టరమ్మ దగ్గరికి వచ్చింది.

"ఇది ఇంకెవురికైనా పనికొత్తాదా డాట్రమ్మా?"

"రాదమ్మా. ఇది మీ అమ్మ నోటికే సరిపోతుంది. ఏదీ, నీ నోరు తెరువు."

టార్చి వెలుగులో అంగిలినిండా తెల్లమచ్చలు, మధ్యమధ్య ఎర్రచుక్కలు. ముక్క తీసి పరీక్షించారు. కేన్సరు కాలేదు. "ఇప్పుడే మానేస్తే తగ్గొచ్చు," అంది డాక్టరమ్మ. నూకరత్నం నన్ను అక్కడే వదిలి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను అద్దాల బీరువాలో ఉన్నాను. దంతవైద్యం చదివే నగరపు ఆడపిల్లలు నన్ను చేతుల్లో తిప్పిచూస్తూ పాఠం వింటారు. వాళ్ళ వీధుల్లో ఈ జబ్బు ఎవరూ చూడలేదట.

వానలు వెళ్ళాక ఒక ఉదయం వరండాలోంచి మాట వినబడింది.

"డాట్రమ్మా, సుట్ట మానీసేను. ఓపాలి సూడండి."

ఉలిక్కిపడ్డాను. ఆ గొంతు కాసులమ్మదే. ఆ నోట్లో మాత్రం నేను లేను.