క కింద క వత్తు

మొహమాటానికి పోతే కడుపైందన్న సామెత ఊరికే పుట్టలేదు. మేస్త్రి విషయంలో ఆ మొహమాటం వాళ్లక్క కొంప ముంచింది.

మేస్త్రి అంటే ఇటుకలు పేర్చేవాడు కాదు, ప్రోగ్రాములు రాసేవాడు. ఎనిమిదేళ్ల క్రితం జబ్బు చేసి అక్కకు చూపు పోతే, తెర మీది రాతను పైకి చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి మొదలుపెట్టాడు. దానికి 'గొంతు' అని పేరు పెట్టి, ఎవరైనా వాడుకోండి, ఎవరైనా బాగుచెయ్యండి అని నలుగురి ముందూ పెట్టాడు. ముక్కూమొహం తెలియనివాళ్లు తలో ముక్కా రాసి పంపేవారు. వాటిని పరీక్షించి అతికించేది అతనే కనుక 'మేస్త్రి' అనే పేరు వాళ్లే తగిలించారు.

మొదట్లో గొంతు ఒకటో తరగతి పిల్లలా అక్షరమక్షరం కూడబలుక్కునేది. వత్తులొస్తే చతికిలబడేది. అప్పుడు 'ఉడుత' అనే మారుపేరుతో ఎవరో "ఏదో ఉడుతాసాయం" అంటూ పదకొండు వేల లైన్లు పంపారు. ఉడుతాసాయమట! ఏనుగు కూడా అంత మొయ్యదు. ఆ రోజు నుంచి గొంతు మనిషిలా చదివింది.

నీటి సరఫరా ఆఫీసులో అక్కది ఫిర్యాదుల సీటు. చూపు పోయాక పక్క సీటాయన దయతలిచి ఉత్తరాలు చదివిపెట్టేవాడు, ఉత్తరానికో నిట్టూర్పు విడిచేవాడు. గొంతు వచ్చాక ఆ నిట్టూర్పుల పీడ వదిలింది. రోజుకు అరవై ఫిర్యాదులు తనే వింటోంది, తనే జవాబిస్తోంది.

ఇలాంటి పనులకు ఒక కాగితం ఉంటుంది. ఇది నేనే రాశాను, ఇచ్చే హక్కు నాకుంది, మా కంపెనీకి అభ్యంతరం లేదు అని పంపినవాళ్లు సంతకం చెయ్యాలి. మేస్త్రికి ఆ సంగతి తెలియక కాదు. నమూనా కూడా రాసి పెట్టుకున్నాడు. కానీ ఉత్తపుణ్యానికి ఇంత చేసిన మనిషిని పట్టుకుని, నీదేనా ఇది, ఎక్కడైనా ఎత్తుకొచ్చావా అని ఏ మొహంతో అడగడం? దానమిచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టినట్టుండదూ! అడగలేదు మహానుభావుడు.

ఐదేళ్లకు ఒక కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఉడుత మా ఉద్యోగి, ఉద్యోగంలో ఉండగా రాసిన ప్రతి అక్షరం మాది, పది రోజుల్లో తీసెయ్యండి అని.

వకీలు కాగితాలు తిరగేసి పెదవి విరిచాడు. "వాళ్ల మాటే చెల్లుతుంది. పోనీ మళ్లీ రాద్దామంటే, పాతది చూసినవాళ్లు ముట్టుకోకూడదు, చూసి దించారంటారు. నువ్వసలు ముట్టుకోకూడదు. అది చూడనివాళ్లను వెతికి మొదట్నించీ రాయించుకోవాలి."

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

"ఏళ్లు పట్టొచ్చు."

మేస్త్రి ఉడుతకే రాసి, చిరునామా తెప్పించుకుని వెళ్లాడు. ఇన్నాళ్లూ ఎవరో కుర్రాడనుకున్నాడు. తలుపు తీసింది యాభై దాటిన ఆడమనిషి. సంగతి ఆమెకు అప్పటికే తెలుసు.

"మీ కంపెనీ ఒప్పుకున్నట్టు కాగితం ఏమైనా ఉందాండీ?"

"నువ్వు అడగలేదుగా తమ్ముడూ." ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. "అప్పటి మా మేనేజరు దేవుడిలాంటి మనిషి. ఒక్క కాగితం ముందు పెడితే టీ తాగుతూ సంతకం పెట్టేవాడు. ఆయన పోయాడు, కంపెనీ చేతులు మారింది. కొత్తవాళ్ల కాళ్లు కూడా పట్టుకున్నా. వినలేదు."

"మరి మీరైనా చెప్పకపోయారా?"

"నువ్వే అడగనప్పుడు నేను కాగితాలేసుకుని రావడం ఏం బాగుంటుందని..."

మొహమాటాలు రెండయ్యాయి. మేస్త్రికి ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవడానికీ మొహమాటపడి లేచి వచ్చేశాడు.

అక్కకు చెప్పాలని మూడుసార్లు వాళ్లింటికి వెళ్లాడు. మూడోసారి అతను నోరు తెరిచేలోగా అక్కే అంది, "ఒరేయ్, కొత్తగా చేరినమ్మాయిని నా దగ్గర పని నేర్చుకోమన్నాడు తెలుసా మా ఆఫీసరు!" ఆ మొహంలో వెలుగు చూసి, "మంచి మాట అక్కా" అని ఊరుకున్నాడు.

పదో రోజు పొద్దున్నే ఆ పదకొండు వేల లైన్లూ తీసేశాడు. అక్క ఆఫీసు కంప్యూటర్లు మారిన గొంతును వాటంతటవే ఎక్కించుకుంటాయి. నోటితో చెప్పలేనిది రాసైనా చెబుదామని అక్కకు పొడుగాటి ఉత్తరం పంపాడు.

పదకొండింటికి ఫోను మోగింది.

"ఒరేయ్, నీ ఉత్తరమొచ్చింది గానీ, ఈ గొంతుకేమైందో చూడరా. 'అ' అంటుంది. 'క దీర్ఘం, క కింద క వత్తు' అంటుంది. అక్కా అనేనా?"

"అవునక్కా."

"ఆ తర్వాతేమో క, కింద ష వత్తు... మ గుడి. సున్న. చ కొమ్ము." అక్షరాలు కూడబెట్టుకుంటూ ఆమె ఆగింది. "క్షమించు... క్షమించమనా? ఎందుకురా?"



ఫోనులో అక్క వెనకాల ఎవరిదో కుర్చీ జరిగింది. ఓ నిట్టూర్పు వినిపించింది.

"ఇటు జరుగమ్మా," అన్నాడు పక్క సీటాయన. "నేను చదివిపెడతాలే."