తూర్పు గోడ మీద లేచిన చేతులు

ఎలక్షన్లు వచ్చాయంటే రజితకు పని రెండింతలయ్యేది. పొద్దున మిషన్ మీద జాకెట్లు కుట్టి, మధ్యాహ్నం అక్క కూతురు దేవిశ్రీకి అన్నం తినిపించి, ఎండ తగ్గగానే మెడలో పార్టీ కండువా వేసుకుని మల్కాజ్‌గిరి గల్లీల్లో ఇల్లిల్లూ తిరిగేది. "దయాకరన్నకే ఓటెయ్యాలె. మన కాన్పుల దవాఖానా కోసం కొట్లాడిన మనిషి," అని ప్రతి గుమ్మం దగ్గరా చెప్పేది. నమ్మి చెప్పేది.

ఐదేళ్ల కిందట వాళ్లక్క వసుధకు నొప్పులొచ్చాయి. బావ విజయేందర్ తన ఆటోలోనే ఆమెను వీధి చివరి దవాఖానాకు తీసుకెళ్లాడు. తలుపుకి తాళం. దవాఖానాని మూసేయాలని బల్దియా కార్పొరేటర్లు తీర్మానం చేశారట, ఆ వారమే మూసేశారు. బండి వెనక్కి తిప్పి, ట్రాఫిక్‌లో ఇరుక్కుని, పెద్దాసుపత్రికి చేరేసరికి వసుధకు స్పృహ లేదు. బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు.

అప్పుడు కార్పొరేటర్‌గా ఉన్న దయాకర్ ఇంటికొచ్చి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "మూయొద్దని నేను మస్తు కొట్లాడిన చెల్లె. అవతలి పార్టీ కార్పొరేటర్ పద్మనాభం, ఆయన మనుషులు చేతులెత్తి పాస్ చేసిండ్రు. అయినా మీ బావకు తాళం పడ్డదని తెల్వదా? సీదా పెద్ద దవాఖానాకు పోతే బతుకుతుండె," అన్నాడు. ఆ మాట రజిత గుండెలో నాటుకుపోయింది. దినాలు కాకముందే అందరిలో విజయేందర్‌ని పట్టుకుని, "మా అక్కను నువ్వే చంపినవ్," అంది. అతను పసిబిడ్డను ఆమె దగ్గరే వదిలి మౌలాలి వెళ్లిపోయాడు. బిడ్డకు ఎవరి చేతనైనా బట్టలు పంపితే రజిత తిప్పి పంపేసేది. దవాఖానాని ఫంక్షన్ హాల్ చేశారు.

ఇప్పుడు ఒకే ఎమ్మెల్యే సీటుకి దయాకర్, పద్మనాభం ఎదురెదురుగా నిలబడ్డారు. కాలనీ అసోసియేషన్ వాళ్లు ఓ సాయంత్రం ఇద్దర్నీ తమ కమ్యూనిటీ హాలుకి పిలిచారు. ఆ హాల్లో పడమటి కిటికీల్లోంచి ఎండ పడేవేళకు తూర్పు గోడ మీది నీడలు మనుషులు చెప్పింది వినవు, వాళ్లు చేసింది చేసి చూపిస్తాయి. హాలు కట్టిన దగ్గర్నుంచీ అంతే. నీళ్ల మోటారు ఎవరు కాల్చారో, ఎవరి కుండీ ఎవరు పగలగొట్టారో అక్కడే తేలేది. నాయకులకీ ఆ సంగతి తెలుసు. ఎవరూ అడగరనీ తెలుసు.

రజిత అడిగింది. పద్మనాభం పరువు తీయాలని లేచి, గోడ వైపు చూస్తూ, "కాన్పుల దవాఖానా మూసేస్తమని తీర్మానం పెట్టిననాడు మీరిద్దరు ఏం చేసిండ్రు?" అంది.

పద్మనాభం నీడ అటూ ఇటూ చూసి, మెల్లిగా చెయ్యెత్తింది.

"పార్టీ నిర్ణయమమ్మా అది. నేనొక్కణ్ణే ఏం చేయగలనండీ?" అన్నాడతను చెమట తుడుచుకుంటూ.

రజిత దయాకర్ వైపు తిరిగింది. అప్పటికే అతని నీడ చెయ్యి పైకి లేచి ఉంది. పద్మనాభం నీడ కన్నా ముందే లేచింది, మునివేళ్ల మీద నిలబడి మరీ ఎత్తింది. దయాకర్ మాత్రం రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు.

హాలంతా చూసింది. ముందు వరుసలోని పెద్దాయన, "అయిందేదో అయింది. గా మంజీరా నీళ్ల సంగతి చెప్పండి సార్," అన్నాడు. సమోసాలు పంచారు.

బయటికొచ్చాక దయాకర్ ఆమెను పక్కకు పిలిచాడు. "ఏంది చెల్లె, మనోళ్లే గిట్ల అడిగితే ఎట్ల?"

"కొట్లాడినన్నవు గదన్నా."

"మనసుల కొట్లాడిన. చెయ్యెత్తుడు వేరే లెక్క. పరేషాన్ గాకు, గెలిస్తే మళ్లా తెరిపిస్త."

రజిత కండువా తీసి అతని కారు మీద పెట్టేసి వచ్చింది. పోలింగు రోజు వెళ్లి వేలికి సిరా వేయించుకుంది గానీ, ఓటు మిషన్ ముందు ఎంతసేపు నిలబడ్డా చెయ్యి ముందుకు రాలేదు. వెనకున్నవాళ్లు కసురుకుంటే బయటికొచ్చేసింది.

లెక్కింపు రోజు దేవిశ్రీని వెంటబెట్టుకుని మౌలాలి వెళ్లింది. విజయేందర్ ఆటో కడుగుతున్నాడు. జుట్టు సగం నెరిసింది.

"బావా, నీ తప్పు లేదు," అంది.

అతను చాలాసేపు తుడిచినచోటే తుడిచాడు. "లేదని మొదట్ల నాకు సుత తెలుసు. నువ్వు అన్నంక నేనే చంపినననుకున్న. గిట్లనే ఐదేండ్లు బతికిన. గిప్పుడు లేదంటే అది యాడికి పోతది రజితా?"

సందు చివర పటాకులు పేలాయి. దయాకర్ గెలిచాడు. పిల్ల బెదిరిపోయింది. విజయేందర్ చెయ్యి చాచి, మళ్లీ ఆగి, రజిత వైపు చూశాడు.

"ఎత్తుకో బావా."

కొత్తమనిషి చేతుల్లో పిల్ల కట్టెలా బిగుసుకుపోయింది. చప్పుడు తగ్గాక, "ఈ అంకుల్ ఎవరు చిన్నమ్మా?" అంది.

రజిత నోరు తెరిచేలోపే అతను అందుకున్నాడు. "ఆటో అంకుల్‌ని బిడ్డా."

మర్నాటి నుంచి దేవిశ్రీ బడికి ఆ ఆటోలోనే పోతోంది. అసలు మాట ఆ పిల్లకి ఇంకా ఎవరూ చెప్పలేదు.