గుండెకు ఆయన, గుండీలకు నేను

పెళ్ళైన కొత్తలో ఒక సాయంత్రం దుకాణం కట్టేసి మేడ మీదికి వచ్చి, మా ఆవిడ ఛాతీ మీద తల ఆనించుకున్నాను. లోపల గుండె దడదడలాడుతోంది. ఒక దెబ్బ, వెంటనే రెండు, కాస్త ఆగి మళ్ళీ గబగబా మూడు.

"ఏమిటిది?" అన్నాను.

"మీరొచ్చారుగా!" అంది నవ్వుతూ.

ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్నేళ్ళూ కాలరెగరేసుకు తిరిగాను. నేను దర్జీని. కాలర్లు కుట్టడమే తప్ప ఎగరేసే అవకాశం నాకు మరెక్కడా రాలేదు.

ఆ దడ నాది కాదని తేల్చినవాడు గుండె సర్జను. మా ఆవిడ మేడ మెట్లెక్కలేక మధ్యలోనే కూలబడిపోతుంటే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. ఆయన తెర మీద గుండె బొమ్మ చూపించాడు.

"చిన్నప్పుడెప్పుడో వచ్చిన కీళ్ళ జ్వరం వల్ల వాల్వు పాడైందండీ. దాంతో గుండె పై గది సాగిపోయి, అదుపు తప్పి కొట్టుకుంటోంది. ఈ దడ ఇవాళ్టిది కాదు. అలా వదిలేస్తే అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకి పోవచ్చు. వాల్వు కోసం గుండె ఎలాగూ తెరుస్తాం కాబట్టి, అదే ఆపరేషన్లో ఆ గదిలో గీతల్లా మచ్చలు వేస్తాం. గుండెను కొట్టించే కరెంటు దారి తప్పినా ఆ గీతలు దాటలేదు. చాలామందికి దడ పోతుంది."

దడ పోతుందట! ఆమె ప్రాణం దక్కుతుందని సంతోషించాల్సింది పోయి నా ఒళ్ళు మండింది. నా సొత్తనుకున్నదాన్ని జబ్బన్నాడు, పైగా తీసేస్తానంటున్నాడు. ఆయన తెల్లకోటు భుజం కుట్టు రెండు వేళ్ళు కిందికి జారి ఉంది. ఆ పూటకి నాకున్న ఊరట అదొక్కటే.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇక మా ఆవిడ నోట ఒకటే జపం. డాక్టరుగారు నడవమన్నారు. డాక్టరుగారు ఉప్పు తగ్గించమన్నారు. అంతా డాక్టరుగారి చేతి చలవ. ఆమె గుండెలో చోటు కోసం నేను ఇన్నేళ్ళు తంటాలు పడితే, ఈయన ఒక్క పూటలో ఆ గుండెనే చేత్తో పట్టుకుని చూశాడు. కళ్ళలో నిప్పులు పోసుకోక ఏం చేస్తాను?

కట్టు విప్పిన రోజు ఆ గాయాన్ని దర్జీ కళ్ళతో చూశాను. కుట్టు ఎక్కడైనా వంకర పోయిందేమో, ముడత పడిందేమో అని వెతికాను. దొరకలేదు. ఇంకా మండింది. గాయానికి ఒరుసుకోకుండా, మెత్తటి పాత గుడ్డతో, ముందు గుండీలుండే వదులు చొక్కాలు కుట్టి తెచ్చాను.

"గుండెకు ఆయన, గుండీలకు నేను" అన్నాను.

"నవ్వించకండి బాబూ, కుట్లు లాగుతున్నాయి" అంది ఛాతీ పట్టుకుని.

కొన్ని నెలలకు మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళాం. ఆయన ఈసీజీ చూసి, "గడియారంలా కొట్టుకుంటోందమ్మా!" అన్నాడు. మా ఆవిడ బుగ్గలు ఎర్రబడ్డాయి. నాకు పుండు మీద కారం చల్లినట్టయింది.

ఆ సాయంత్రం మేడెక్కి, మునుపటిలాగే తల ఆనించుకుని విన్నాను. దెబ్బ తరువాత దెబ్బ, ఒకే కొలతన. నేనొచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే.

"నేనొచ్చిన సంగతి నీ గుండెకు తెలియనే లేదు. ఆయన మెచ్చుకుంటే మాత్రం సిగ్గుపడ్డావు."

"ప్రాణం పోసిన మనిషి మీద కూడా కుళ్ళేనా?"

"పెళ్ళైన కొత్తలో నాకోసమే కొట్టుకుంటోందన్నావు. అబద్ధమేగా?"



"అబద్ధమే. పొద్దుట్నించీ అలాగే కొట్టుకునేది. ఎందుకో తెలిసేది కాదు. చచ్చిపోతానేమోనని భయమేసేది. కింద మీ షట్టరు పడిన చప్పుడు వినిపిస్తే, హమ్మయ్య, ఇక ఒక్కదాన్నే చచ్చిపోను అనుకునేదాన్ని. చెబితే మీరు బెంగపడతారని అలా అన్నాను."

నేను కాలరెగరేసుకు తిరిగిన ఆ రోజులన్నీ ఆమె నా షట్టరు చప్పుడు కోసం చెవులప్పగించి కూర్చుంది.

ఆ గుండె చప్పుడు వింటూనే అన్నాను, "ఈసారి వెళ్ళినప్పుడు ఆయన కోటు అడిగి తెద్దాం. భుజం జారింది, సరిచేసిస్తాను."

"అయితే కుళ్ళు పోయినట్టేనా?"

"పోలేదు" అన్నాను, తల తీయకుండానే.